ఇటలీ నుంచి వచ్చిన గృహమాత

ఉయ్యూరు నుంచి పామర్రు వెళ్లే దారిలో ఉన్న మా విచారణ దేవాలయానికి, మేం పాస్క అనే ఈస్టరు పండుగ వెళ్లిన వారంలో, ఇటలీ దేశం నుంచి ఒక స్త్రీ వేంచేసింది. చెక్కపెట్టెలో వచ్చింది. పెట్టె మీద నిలువుగా ఉంచమని బాణం గుర్తు వేసి ఉండటం వల్ల లారీవాళ్లు దాన్ని తలకిందులుగా దించి, సంతకం పెట్టించుకుని వెళ్లారు.

విచారణ అంటే ఒక గుడి కింద ఉండే కతోలిక కుటుంబాలన్నీ అని తెలియనివారి కోసం మనవి. ఒకరి విషయాలు ఇంకొకరు విచారించుకోవడమే విచారణ అని కొందరు అనుకుంటారు. అదీ పూర్తిగా తప్పు కాదు.

ఆ స్త్రీని పంపినవారు ఫాదర్ నతానియేలు గారు. మా ఊరి బిడ్డ, ఇటలీలో గురువుగా పనిచేస్తున్నారు. మా గుడికి నూరేళ్లు నిండుతున్న సందర్భంగా, ఐదువందల ఏళ్ల కిందట ఆ దేశంలో ఎవరో మహానుభావుడు వేసిన నూనెరంగుల చిత్రానికి చేత్తో నకలు వేయించి పంపారు. ఎవరి బొమ్మో చెప్పే చిన్న పలక మాత్రం ప్రయాణంలో ఊడిపోయింది. అడుగుదామంటే ఫాదర్ నతానియేలు కొండల్లో ఒక మఠానికి మౌన ధ్యానానికి వెళ్లారు, తిరిగొచ్చేదాకా ఫోను తీయరని తెలిసింది. శతాబ్ది ఉత్సవమేమో నెత్తిమీదికి వచ్చింది. కాబట్టి బొమ్మలో ఉన్నది ఎవరో మేమే తేల్చుకోవలసి వచ్చింది.

బొమ్మలో నడుము దాకా కనిపించే ఒక యువతి. రాగిరంగు జుట్టు జడ వేసుకోకుండా భుజాల మీద వదిలేసుకుంది. ఆకుపచ్చ గౌను మీద ఎర్రటి వస్త్రం కప్పుకుంది. ఎడమచేతిలో తెల్లరాతి బుడ్డి, కుడిచెయ్యి దాని మూత మీద. వెనకాల చిన్న కిటికీ, అందులో ఒక తోట, అప్పుడే తెల్లవారుతున్న వెలుగు. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. పెదవులు కొంచెం విచ్చుకుని ఉన్నాయి.

విచారణ గురువులైన మా ఫాదర్ గారు కొత్తవారు, చిన్నవారు. బొమ్మని కాసేపు చూసి, మగ్దలేనా మరియమ్మ కావచ్చని మెల్లగా అన్నారు. విచారణ సంఘం ఉపాధ్యక్షులు జీవరత్నం గారు దాన్ని అంతకంటే మెల్లగా ఖండించారు. "కావచ్చు అన్నమాట ఫ్లెక్సు మీద వెయ్యలేం కదా ఫాదర్" అన్నారు. ఇందులో న్యాయం ఉందని ఫాదర్ గారు ఒప్పుకున్నారు. ఆయన మంచివారు. మా విచారణలో ఎక్కువకాలం ఉంటారని అందరం అనుకుంటున్నాం.

జీవరత్నం గారు చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ట్రాక్టరు మీద చెరుకును గేటు దగ్గరే చూసి రసం ఏపాటిదో చెప్పగలిగిన కన్ను ఆయనది. బొమ్మ విషయంలోనూ ఆ కన్నే ప్రమాణమని సంఘం భావించింది. ఆయన అధ్యక్షతన జరిగిన సమావేశంలో, తలమీద కిరీటం లేదు కనుక మరియమాత కాదనీ, చేతిలో కత్తి గానీ చక్రం గానీ లేదు కనుక విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షి కాదనీ తేలింది. మిగిలింది బుడ్డి. మూత మీద చెయ్యి వేసిన తీరు చూస్తే అది ఆవకాయ జాడీయేనని ఒక వర్గం వాదించింది. ఇటలీలో ఆవకాయ దొరకదు గనుక నెయ్యి అయి ఉంటుందని రెండో వర్గం పట్టుబట్టింది. మాటా మాటా పెరగకుండా, విజయవాడ నుంచి నిపుణుణ్ని పిలిపించాలని జీవరత్నం గారు తీర్మానించారు.

నిపుణులు రామకోటేశ్వరరావు గారు. సత్యనారాయణపురంలో ఉంటారు. మంగళగిరి చీర అంచులోని తత్త్వం మీదా, ఒక టిఫిన్ సెంటర్ ప్రారంభోత్సవంలో ఇడ్లీ ఆకృతిలోని శాంతి మీదా గంటలకొద్దీ ప్రసంగించి శాలువాలు అందుకున్నవారు. మతం వేరైనా కళకు మతం లేదన్నారు. కారు పంపితే చాలన్నారు.

వచ్చి, బొమ్మకు దగ్గరగా వెళ్లి, దూరంగా వెళ్లి, కళ్లద్దాలు తీసి, పెట్టుకుని, చివరికి మైకు ముందు నిలబడ్డారు.

"సోదర సోదరీమణులారా, ఇది పునరుజ్జీవన కాలపు ఆదర్శ గృహిణి. జుట్టు విరబోసుకున్నదని కొందరు పొరబడవచ్చు. కాదు. తలంటు పోసుకుని ఆరబెట్టుకుంటున్నది. శుభ్రత. ఎర్రని వస్త్రం సౌభాగ్యం. చేతిలోని పాత్ర సంసారం. మూత మీద చెయ్యి ఎందుకు వేసింది? ఇంటి గుట్టు బయటికి పొక్కనీయనని. కళ్లలో తడి పొయ్యి దగ్గరి పొగ. ఇక ఆ పెదవులు చూడండి. భర్త వేళగాని వేళ ఇంటికి వచ్చాడు. ఆ ఇల్లాలు ఇంతసేపూ ఎక్కడున్నారని అడగబోవడం లేదు. భోజనం వడ్డించమంటారా అని అడగబోతున్నది."

హాలు మారుమోగింది. మగవాళ్ల వైపు ఎక్కువగా మారుమోగింది. మరి ఆ భర్త బొమ్మలో ఎక్కడా కనిపించడేమని వెనకనుంచి ఒకావిడ అడిగింది. ఉత్తమ భర్త ఎప్పుడూ చట్రం బయటే ఉంటాడనీ, ఆమె చూపులో ఉన్నాడనీ రామకోటేశ్వరరావు గారు సెలవిచ్చారు. ఆయనకు శాలువా కప్పారు. బొమ్మకు గృహమాత అని పేరు ఖాయమైంది.

ఉయ్యూరులో ఫ్లెక్సుల షాపు నడిపే ఫిన్నీ మా గాయక బృందంలో కీబోర్డు వాయిస్తాడు. అతని చేత గుడి ముందు నిలువెత్తు ఫ్లెక్సు వేయించారు. దాని మీద జీవరత్నం గారు నమస్కారం పెడుతూ నిలువునా ఉన్నారు. రామకోటేశ్వరరావు గారు నడుము దాకా ఉన్నారు. గృహమాత ఒక మూల గుండ్రంలో, పాస్‌పోర్టు ఫోటో అంత ఉంది. స్థలం చాలలేదని ఫిన్నీ చెప్పాడు.

ఉత్సవం తర్వాత జీవరత్నం గారు బొమ్మకు మరింత ఉపయోగం కనిపెట్టారు. మొగుడూ పెళ్లాల మధ్య తగాదా వస్తే ఆ జంటని గృహమాత ముందు నిలబెట్టి, భార్యకు బొమ్మని వివరించడం మొదలుపెట్టారు. భర్తకు వివరించే అవసరం రాలేదు, ఆయన చట్రం బయట ఉంటాడు కనుక. చాలా కాపురాలు చక్కబడ్డాయని పూజ తర్వాత ప్రకటనల్లో చెప్పేవారు. చక్కబడిన ఆడవాళ్లు తలొంచుకుని వినేవారు.

ఇక్కడ శాలిని గురించి చెప్పాలి.

శాలిని అంగన్‌వాడీ టీచరు సంపూర్ణమ్మ గారి ఒక్కగానొక్క కూతురు. తండ్రి లేడు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివింది. పెళ్లికి ముందు ఆదివారం పూజలో కీర్తన ఆమే పాడేది. ఆ గొంతు విని రోడ్డు మీద ట్రాక్టర్లు ఆగిపోయేవని మేం గొప్పగా చెప్పుకుంటాం. అక్కడ గేదెలు అడ్డం వస్తాయి, నిజానికి అందుకు ఆగేవి. అయినా గొంతు మంచిదే.

గుడివాడలో సెల్‌ఫోన్ల షాపు ఉన్న అబ్బాయికి ఇచ్చి చేశారు. బొమ్మ ఇంకా రాకముందు, పాస్కకు ముందు నలభై రోజుల తపస్సు కాలంలో ఒకరోజు శాలిని కుడిచేతికి సిమెంటు కట్టుతో పుట్టింటికి వచ్చింది. జారి పడ్డావా అని దారిలో అడిగినవాళ్లకి, లేదు, మా ఆయన విరిచాడు అని చెప్పింది. ఆమె చేసిన మొదటి తప్పు ఇదే. పడ్డానని ఉంటే సంగతి ఆసుపత్రితో ముగిసేది. నిజం చెప్పడంతో విచారణ పెద్దల దాకా వచ్చింది. రెండో తప్పు, ఆ చేతి కట్టుతోనే ఆ తర్వాతి ఆదివారం బృందంలో నిలబడి మళ్లీ కీర్తన పాడటం. బాధలో ఉన్న మనిషి గొంతు అంత స్పష్టంగా ఉండటం చాలామందికి నచ్చలేదు.

సంపూర్ణమ్మ గారు కూతుర్ని అక్కున చేర్చుకుంది గానీ, ఆవిడ మనసులో లెక్క వేరు. కట్టు విప్పేదాకా ఉంచుకుని తర్వాత పంపిద్దామని. పిల్లల తల్లులు పదిమంది తన కేంద్రానికి వస్తారు, అందరికీ ఏమని చెప్పుకుంటుంది. అల్లుడు ఫోను చేసి, ఇంక తాగనన్నాడు. ఇంతకుముందు కూడా అన్నాడని శాలిని చెబితే, ఈసారి గట్టిగా అన్నాడే అందావిడ.

కట్టు విప్పిన వారంలో జీవరత్నం గారు తల్లినీ కూతుర్నీ గుడికి పిలిపించారు. సంఘం సభ్యులు కుర్చీల్లో కూర్చున్నారు. ఫాదర్ గారు ఒక పక్కగా నిలబడ్డారు. గృహమాత వివరణ యథావిధిగా సాగింది. తలంటు, సౌభాగ్యం, ఇంటి గుట్టు. చివర జీవరత్నం గారు గొంతు మెత్తగా చేసుకున్నారు.

"చూడమ్మా శాలినీ, నువ్వు చదువుకున్నదానివి. ఆ తల్లి మొహంలో నీకు ఏం కనిపిస్తుందో నువ్వే చెప్పు."

ఓర్పు అనాలి. ఇంతకు ముందు వచ్చినవాళ్లంతా ఓర్పు అనే అన్నారు. శాలిని బొమ్మకు దగ్గరగా వెళ్లి చాలాసేపు చూసింది.

"ఏడ్చిందండీ" అంది.

"అది పొయ్యి పొగమ్మా."

"పొయ్యి ఎక్కడా లేదండి. తోట ఉంది. తెల్లారుతోంది. ఈవిడ బాగా ఏడ్చి, మొహం తుడుచుకుని, ఏదో చెప్పడానికి వచ్చింది. చాలా పెద్ద సంగతే అయి ఉంటుంది. నోరు తెరిచింది గానీ, ఎదురుగా ఉన్నవాళ్లు వినేట్టు లేరు."

శాలిని వెనక్కి తిరిగి, "నేను గుడివాడ వెళ్లనండి" అంది. అందులో కోపం లేదు. టైమెంతయిందో చెప్పినట్టు చెప్పింది.

ఈమెకు కళను అర్థం చేసుకునే శక్తి లోపించిందని సంఘం విచారంతో గుర్తించింది. కాపురం చక్కబడేవరకు ఆమె గొంతుకు విశ్రాంతి కల్పించాలనీ, కీర్తన మరొకరు పాడాలనీ నిర్ణయించింది. ఎవరినీ శిక్షించే ఉద్దేశం లేదని జీవరత్నం గారు స్పష్టం చేశారు. ఫాదర్ గారు ఏదో అనబోయి, ఆయన కూడా పెదవులు కొంచెం విచ్చి, ఊరుకున్నారు.

సంపూర్ణమ్మ గారు దారంతా ఏడుస్తూ ఇంటికొచ్చింది. నలుగురిలో తల తీసేశావంది. సోమవారం నేనే దిగబెట్టి వస్తానని కూతురి బట్టలు సంచీలో సర్దింది.

ఆ మధ్యలో ఫాదర్ నతానియేలు మౌనం ముగించారు. ఫోను తెరవగానే వాట్సాప్‌లో ఫ్లెక్సు ఫోటో కనబడిందట. బుధవారం సాయంత్రం సంఘానికి వీడియో కాల్ చేశారు. మొదట కాసేపు నవ్వడం తప్ప ఏమీ వినబడలేదు. నవ్వి నవ్వి, ఆవిడ గృహమాత ఏంటి జీవరత్నం గారూ, ఆవిడ మగ్దలేనా మరియమ్మ, చేతిలోది అత్తరు బుడ్డి, అన్నారు. ఇంకా ఏదో వివరించబోయారు గానీ ఇక్కడ సిగ్నల్ పోయింది. సిగ్నల్ పోలేదని, జీవరత్నం గారి చెయ్యి తగిలిందని ఫిన్నీ అంటాడు. రుజువు లేదు.

విచారణ అంతా గగ్గోలెత్తింది. మగ్దలేనా మరియమ్మ అంటే చెడు నడత మాని మారుమనసు పొందిన స్త్రీ అని మాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఎవరు చెప్పారో తెలియదు గానీ తెలుసు. అలాంటామె ముందు నిలబెట్టి ఇంతమంది ఇల్లాళ్లకు బుద్ధి చెప్పామా అని పెద్దలు తల్లడిల్లిపోయారు. పామర్రు దగ్గరి ఒక ఇల్లాలైతే, గృహమాతే లేనప్పుడు ఆమె ఎదుట తను ఇచ్చిన మాట కూడా లేనట్టేనని చెప్పి, మొగుడికి అన్నం వడ్డించడం మానేసింది. ఈ ధర్మసందేహం తీర్చడం ఎవరి వల్లా కాలేదు.

మళ్లీ రామకోటేశ్వరరావు గారికి కారు వెళ్లింది. ఆయన ఏమాత్రం తొణకలేదు. మొదటి ప్రసంగంలోనే తాను ఈ విషయం ధ్వనిగా సూచించాననీ, సభికులు వాచ్యార్థం దగ్గరే ఆగిపోయారనీ అన్నారు. విరబోసిన జుట్టు కట్టుతప్పిన జీవితం. ఎరుపు కామం. పాత్రలో ఉన్నది పాపపు సంపాదనతో కొన్న అత్తరు. మూత మీద చెయ్యి గతాన్ని దాచుకోవాలన్న తాపత్రయం. పెదవులు క్షమించమని వేడుకుంటున్నాయి. అవే జుట్టు, అదే వస్త్రం, అవే పెదవులు. రెండుసార్లూ ఆయన మాటలు ఒకే ధారగా సాగినందుకు రెండో శాలువా కప్పారు.

బొమ్మని దించి, క్రిస్మసు పాకకు వాడే గడ్డీ కర్రలూ పడేసే స్టోరు గదిలో, మొహం గోడకు తిప్పి పెట్టారు.

ఇంతవరకు బాగానే ఉంది. బొమ్మ ఎవరిదో తెలిసిపోయాక, ఆరోజు శాలిని అన్న మాటలు అందరికీ గుర్తొచ్చాయి. ఇంతమంది పెద్దలు పోల్చుకోలేని మనిషిని ఆ అమ్మాయి ఒక్కతే ఎలా పోల్చుకుంది. తనలాంటిదాన్ని తను గుర్తుపట్టింది, అంతే. ఈ వ్యాఖ్యానానికి విజయవాడ నిపుణుల అవసరం కూడా లేకపోయింది. ఆదివారం పూజ అయ్యేసరికి ఊళ్లో ఇంటింటికీ చేరింది. సంపూర్ణమ్మ గారికి చేతిపంపు దగ్గర చేరింది.

ఆవిడ బిందె అక్కడే వదిలేసి గుడికి వెళ్లింది. తన కూతుర్ని ఎవరితో పోల్చారో ఆ మొహమేదో సరిగా చూడాలనుకుంది. ఇంతకుముందు చూసినప్పుడల్లా పక్కన ఎవరో ఒకరు వివరిస్తూనే ఉన్నారు. స్టోరు గదికి తాళం లేదు. గడ్డి పక్కకు జరిపి, బొమ్మని ఇవతలికి తిప్పి, కొంగుతో దుమ్ము తుడిచి, దాని ఎదురుగా ఒక కర్రమొద్దు మీద కూర్చుంది.

ఇంటికొచ్చాక మాట్లాడకుండా సంచీలోని బట్టలు తీసి బీరువాలో పెట్టడం మొదలుపెట్టింది. ఎందుకమ్మా అని శాలిని అడిగింది.

"ఆ రోజు గుమ్మంలో నిలబడ్డప్పుడు నీ మొహం ఆ బొమ్మలాగే ఉంది. నేను నీ చెయ్యి చూశాను గానీ, నువ్వు చెప్పేది వినలేదు" అంది సంపూర్ణమ్మ గారు. తర్వాత, "ఇప్పుడు చెప్పు" అంది.

శాలిని చెప్పింది. ఆ చెప్పినదంతా ఇక్కడ రాయడం భావ్యం కాదు. వాళ్లు ఆ పూట వంట చేసుకోలేదని మాత్రం తెలుసు. తర్వాత వారంలో తల్లీ కూతుళ్లిద్దరూ పోలీసు స్టేషన్లో కాగితం ఇచ్చి వచ్చారు. ఆ తర్వాత శాలినికి విజయవాడలో ఒక రక్తపరీక్షల కేంద్రంలో ఉద్యోగం దొరికింది. పొద్దున్నే బస్సెక్కి కంకిపాడు మీదుగా వెళ్లి చీకటి పడేవేళకు వస్తుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని సన్నగా పాడుకుంటుందని చూసినవాళ్లు చెప్పారు. కాపురం వదిలేసిన మనిషికి పాటలేమిటని విన్నవాళ్లు అన్నారు.

జూలై నెలలో, మేమెవరమూ ఊహించని విధంగా, బిషప్పు గారి మేత్రాసనం నుంచి ఒక పెద్ద గురువు మా విచారణ చూడటానికి వచ్చారు. ఫాదర్ నతానియేలు ఆయనకు ముందే ఫోను చేసినట్టున్నారు. రాగానే బొమ్మ ఏదని అడిగారు. స్టోరు గదిలోంచి తెప్పించి పీఠం పక్కన పెట్టించి, పూజలో దాని మీదే ప్రసంగించారు. మగ్దలేనా మరియమ్మ చెడు నడత గలదని సువార్తల్లో ఎక్కడా లేదన్నారు. సుమారు పద్నాలుగు వందల ఏళ్ల కిందట రోములో ఒక ప్రసంగంలో ఆమెను వేరే ఇద్దరు స్త్రీలతో కలిపేసి ఒక్కరిగా చెప్పడం వల్ల ఆ మాట పడిందనీ, ఇన్నాళ్లూ నిలిచిపోయిందనీ అన్నారు. సమాధిలోంచి ఉత్థానమైన ప్రభువును ఆ తోటలో మొదట చూసింది ఆమేనట. పరుగెత్తుకుని వచ్చి శిష్యులకు చెబితే, మొదట ఎవరూ నమ్మలేదట. ఇప్పుడు తిరుసభ ఆమెను అపొస్తలులతో సమానంగా గౌరవిస్తోందని చెప్పి, భోజనం చేసి వెళ్లిపోయారు.

జీవరత్నం గారు సమయానికి తగినట్టు నడుచుకోగల మనిషి. ఆ వచ్చే ఆదివారమే మహిళా గౌరవ సభ ఏర్పాటు చేశారు. ఫిన్నీ కొత్త ఫ్లెక్సు వేశాడు. ఈసారి బొమ్మ గుండ్రం కొంచెం పెద్దది చేయగలిగాడు. వేదిక మీద పట్టినంతమంది మగవాళ్లు కూర్చున్నారు. ఆడవాళ్లను గౌరవించి ఎదురుగా కింద కూర్చోబెట్టారు. రామకోటేశ్వరరావు గారు విరబోసిన జుట్టు స్వేచ్ఛ అనీ, ఎరుపు విప్లవం అనీ, విచ్చుకున్న పెదవులు లోకానికి శుభవార్త ప్రకటిస్తున్న స్త్రీ గళం అనీ ఉద్వేగంతో చెప్పి మూడో శాలువా అందుకున్నారు. జీవరత్నం గారు మైకు అందుకున్నారు.

"మన తాతముత్తాతలు, మనం, అందరం ఒక ఆడకూతురి మీద అన్యాయంగా నింద మోపాం. ఆమె నిజం చెబితే వినలేదు. ఇకమీదట ఈ విచారణలో అలాంటి పొరపాటు జరగదని ఈ పవిత్ర చిత్రం సాక్షిగా మనవి చేస్తున్నాను."

చప్పట్లు తగ్గాక సంపూర్ణమ్మ గారు లేచి నిలబడింది. పిల్లలకు పాఠం చెప్పే గొంతే, వణకలేదు. "అయితే జీవరత్నం గారూ, వచ్చే ఆదివారం నుంచి మా అమ్మాయి కీర్తన పాడవచ్చాండీ" అని అడిగింది.

వేదిక మీద కాసేపు చెవులు కొరుక్కున్నారు. ఫాదర్ గారు అవునన్నట్టు తల ఊపారు గానీ, ఆయన చివరి కుర్చీలో ఉండటం వల్ల ఎవరికీ కనబడలేదు. జీవరత్నం గారు మళ్లీ మైకు దగ్గరికి వచ్చారు. విసుగు ఏమాత్రం లేదు, ఆప్యాయంగానే చెప్పారు.

"అమ్మా, ఆ మహాతల్లి విషయంలో పొరపాటు జరిగిందని తేలడానికి పద్నాలుగు వందల ఏళ్లు పట్టింది. మీ అమ్మాయి విషయం మా దగ్గరికి వచ్చి ఆర్నెల్లు కూడా కాలేదు."

సంపూర్ణమ్మ గారు కూర్చోలేదు. గొడుగు తీసుకుని నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయింది. శాలిని ఇప్పుడు విజయవాడలోనే ఒక గుడిలో ఆదివారం పాడుతోందట, అక్కడ ఆమె ఎవరి భార్యో ఎవరూ అడగలేదట. పట్నంలో విచారణ సరిగా జరగదని మావాళ్లు బాధపడ్డారు.

జీవరత్నం గారి జవాబులో లోపం పట్టగలిగినవారు సభలో ఎవరూ లేరు. చదివే మీరు పట్టగలిగితే సంతోషమే. మీ పేటలోనూ ఇలాంటి అమ్మాయి ఒకతె ఉండే ఉంటుంది. ఆమె వచ్చి మీకు ఏదో చెప్పబోయే ఉంటుంది. మీరు దానికి ఏ అర్థం చెప్పుకున్నారో తీరిగ్గా ఆలోచించుకోండి. కంగారేం లేదు, పద్నాలుగు వందల ఏళ్లు టైముంది.